ముద్దాయి చూడని కాగితం

న్యాయస్థానం అనగానే మనకు ముందుగా జడ్జీ గుర్తుకు వస్తాడు. తీర్పు బాగుంటే ఆయన్ను పొగుడుతాం, బాగుండకపోతే ఆయన్నే తిడతాం. ముద్దాయి తరపున వాదించిన గొప్ప ప్లీడర్ల కథలు కూడా మనకు కొన్ని తెలుసు. కాని కోర్టులో మూడో మనిషి ఒకడున్నాడు. ప్రభుత్వ పక్షాన నిలబడి నేరం మోపే ప్రాసిక్యూటరు. పోలీసులు పోగుచేసిన కాగితాలు ఆయన బల్లమీదికి వస్తాయి. వాటిలో ముద్దాయిని ముంచేవీ వుంటాయి, ఒడ్డున వేసేవీ వుంటాయి. యేది కోర్టులో పెట్టాలి, యేది కట్టలోనే వుండిపోవాలి అనేది చాలావరకు ఆయన చేతిలో పని. విచారణ న్యాయంగా జరిగిందా లేదా అనే ప్రశ్నకు సగం సమాధానం యీ బల్లమీదనే దొరుకుతుందని నా అభిప్రాయం.

తెలుగు సాహిత్యం పాఠం చెప్పుకునేవాడికి యీ న్యాయశాస్త్రం గొడవ యెందుకని మిత్రులు అడగవచ్చు. మన సాహిత్యంలోనే యీ గొడవ వుంది. 'మృచ్ఛకటికం' తొమ్మిదో అంకంలో శకారుడు తాను గొంతు నులిమి పడవేసిన వసంతసేన హత్యను చారుదత్తుడి నెత్తిన రుద్దుతాడు. అతను రాజుగారి బావమరిది. తన ఫిర్యాదు వినకపోతే పదవి వూడగొట్టిస్తానని న్యాయాధికారినే బెదిరిస్తాడు. 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు వస్తుంది. చచ్చిపోయిందన్న పెండ్లికూతురు అసలు ఆడపిల్లే కాదు. వేషం తీసేసి వెళ్లిపోయిన కుర్రవాడు. రెండు నాటకాల్లోనూ చచ్చారన్న మనిషి చావలేదు. శూద్రకుడికీ గురజాడకూ మధ్య వెయ్యేళ్లకు పైగా దూరం వున్నా, కేసు కట్టదలచినవాడికి శవం కూడా అక్కర లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. నాటకంలో వసంతసేన వధ్యస్థానానికి వేళకు వస్తుంది. నిజమైన కోర్టుల్లో వేళకు రావలసింది కాగితం. అది రాకపోతే యేమవుతుందో చెప్పడానికి చరిత్రలో ఉదాహరణలకు కొదవ లేదు. అందరికీ పేరు తెలిసిన ఒక కేసుతో మొదలుపెడతాను.

1

1894 సెప్టెంబరులో, పారిస్‌లోని జర్మన్ రాయబార కార్యాలయపు చెత్తబుట్టలో నుంచి ఫ్రెంచి సైనిక గూఢచారి శాఖకు చింపివేసిన ఉత్తరం ఒకటి చేరింది. అమ్మకానికి పెట్టిన ఫ్రెంచి సైనిక రహస్యాల జాబితా అది. సంతకం లేదు. దస్తూరీ పోలికను పట్టుకుని ఆర్టిలరీ కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రేఫస్‌ను అక్టోబరు 15న అరెస్టు చేశారు. అతను అల్సాస్ ప్రాంతపు యూదుడు. యూదద్వేషాన్నే వ్యాపారంగా పెట్టుకున్న పత్రికలు అప్పటికే పారిస్‌లో జోరుగా నడుస్తున్నాయి.

దస్తూరీ విషయంలో నిపుణులకే యేకాభిప్రాయం కుదరలేదు. అప్పుడు బెర్తియాఁ అనే పోలీసు నిపుణుడు ఒక వింత సిద్ధాంతం తెచ్చాడు. ఉత్తరంలో డ్రేఫస్ దస్తూరీతో పోలిక వున్నచోట అది అతనిదే. పోలిక లేనిచోట, దొరికిపోకుండా తన దస్తూరీని తానే ఫోర్జరీ చేశాడు! ఇటువంటి తర్కానికి లొంగని నిర్దోషి భూమిమీద వుండడు. నవంబరులో యుద్ధమంత్రి జనరల్ మెర్సియే ఒక దినపత్రికతో మాట్లాడుతూ, ముద్దాయి నేరం నిస్సందేహమని ప్రకటించాడు. అప్పటికి విచారణ మొదలే కాలేదు.

డిసెంబరు 19 నుంచి 22 వరకు సైనిక కోర్టు తలుపులు మూసుకుని విచారణ జరిపింది. ప్రభుత్వం పక్షాన వాదించినవాడు మేజర్ బ్రిసే. డ్రేఫస్ తరపు ప్లీడరు దెమాంజ్. బయట పెట్టిన సాక్ష్యం బలహీనంగా వుంది. అందువల్ల మెర్సియే ఆజ్ఞ మీద ఒక రహస్య ఫైలు తయారయింది. జడ్జీలు తీర్పు కోసం ఆలోచించే గదిలోకి వెళ్లాక దాన్ని వారికి అందించారు. 'డి' అనే పొడి అక్షరంతో యెవరినో దుర్మార్గుడని తిట్టిన ఉత్తరం ఒకటి అందులో వుంది. ఆ 'డి' డ్రేఫస్సేనని వారికి నచ్చజెప్పారు. ఆ ఫైలును ముద్దాయి చూడలేదు, అతని ప్లీడరు చూడలేదు. ఆ 'డి' డ్రేఫసే యెందుకు కావాలని అడగడానికి ఆ గదిలో యెవరూ లేరు. యేడుగురు జడ్జీలూ యేకగ్రీవంగా నేరస్థుడన్నారు. 1895 జనవరి 5న జనసమూహం యెదుట అతని బొత్తాలు తెంపి, కత్తి విరిచి, తరువాత దక్షిణ అమెరికా తీరాన దయ్యపు దీవి అనే చోట బంధించారు.

ఇక్కడ పాఠకులు గమనించవలసింది ఒకటున్నది. ఆ యేడుగురిలో లంచం తిన్నవాడు యెవడూ లేడు. చేతికి వచ్చిన కాగితాన్ని వారు నమ్మారు, అంతే. యెదుటివాడి ప్రశ్నకు నిలబడని కాగితం యెంత అబద్ధమైనా నిజంలాగే కనిపిస్తుంది. ఆ జడ్జీల్లో ఒకడైన కెప్టెన్ ఫ్రైస్టెట్టర్ 1899లో ఆ రహస్య ఫైలు గురించి కోర్టులోనే సాక్ష్యం చెప్పాడు.

గూఢచారి శాఖకు కొత్త అధిపతిగా వచ్చిన పికార్‌కు 1896లో అసలు ద్రోహి యెస్తర్హాజీ అనే మేజరని తెలిసింది. అతను పై అధికారులకు చెప్పాడు. చెప్పినందుకు అతన్ని ట్యునీషియాకు పంపించారు. అదే శాఖలోని హెన్రీ, డ్రేఫస్ పేరు స్పష్టంగా వుండేలా ఒక ఉత్తరం సృష్టించాడు. 1898 జులై 7న అప్పటి యుద్ధమంత్రి కవైన్యాక్ దాన్ని పార్లమెంటులో చదివితే, ఆ ఉపన్యాసాన్ని దేశంలో ప్రతి వూళ్లోనూ గోడలకు అంటించారు. మరుసటి నెలలో ఒక అధికారి దీపం వెలుగులో చూస్తే అది రెండు వేరువేరు కాగితాల ముక్కలు అతికించినదని బయటపడింది. గీతల రంగు కలవలేదు. హెన్రీ ఆగస్టు 31న జైల్లో గొంతు కోసుకుని చచ్చిపోయాడు. అయినా 1899లో రెన్ నగరంలో తిరిగి విచారించిన సైనిక కోర్టు డ్రేఫస్‌ను మళ్లీ దోషి అన్నది! తరువాత ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. నిర్దోషి అని అత్యున్నత న్యాయస్థానం చెప్పేసరికి 1906 జులై 12 వచ్చింది. ఒక్క ఫైలును మూసిపెట్టిన పాపానికి పన్నెండేళ్లు పట్టింది.

2

1898 జనవరి 13న యెమిల్ జోలా రాష్ట్రపతికి వ్రాసిన బహిరంగ లేఖ గురించి మనవాళ్లకు బాగా తెలుసు. రచయిత యేం చేయగలడు అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆ లేఖను మన సభల్లో తలుచుకుంటాం. కాని తలుచుకునేటప్పుడు అందులోని ఒక ఆరోపణను తరచుగా వదిలేస్తాం. ముద్దాయికి చూపని కాగితం మీద శిక్ష వేయడం చట్టాన్ని ఉల్లంఘించడమేనని జోలా నేరుగా ఆరోపించాడు. దయ చూపమని ఆయన అడగలేదు. విచారణ పద్ధతిని గురించి అడిగాడు. ఆ ఫిబ్రవరిలో జోలామీద నడిచిన కేసులో డ్రేఫస్ విచారణ గురించిన ప్రశ్నలను అడగనీయకుండా జడ్జీ పదేపదే అడ్డుకున్నాడు.

అదే కాలంలో ఫ్రెంచి సోషలిస్టుల మధ్య పెద్ద వాదం చెలరేగింది. మన పత్రిక పాఠకులు తప్పక తెలుసుకోవలసిన వాదం అది. ఇది బూర్జువాల్లో రెండు ముఠాల తగాదా, ఒక ధనిక సైనికాధికారి కోసం కార్మికులు వీధిన పడనక్కర లేదు అని గెద్ వంటివారు అన్నారు. ఆ జనవరిలో సోషలిస్టు డెప్యూటీలు చేసిన ప్రకటన సారాంశమూ దాదాపు ఇదే. కొద్ది నెలల్లోనే జాఁ జోరెస్ దీన్ని యెదిరించాడు. ఆ వేసవిలో ఆయన వ్రాసిన వ్యాసాలు 'రుజువులు' అనే పుస్తకంగా వచ్చాయి. పాలకవర్గపు చట్టంలో రెండు పొరలున్నాయని ఆయన వాదం. ఒక పొర ఆస్తిని కాపాడుతుంది. దానితో మనకు పోరాటమే. రెండో పొర మనిషిని యథేచ్ఛాధికారం నుంచి కాపాడుతుంది. యెన్నో తరాలవాళ్లు పోరాడి సంపాదించినది అది. దాన్ని పాలకులే కాలరాస్తుంటే కార్మికవర్గం చూస్తూ కూర్చోకూడదు. ఒక కెప్టెన్‌కే దిక్కు లేకపోతే సమ్మె చేసిన కూలివాడికి దిక్కెవరు?

జోరెస్ వాదమే సరైనదని నేను నమ్ముతాను. విచారణ పద్ధతిని వట్టి లాంఛనమని కొట్టిపారేసేవాళ్లు మనలో ఇప్పటికీ వున్నారు. వారికి సమాధానం చెప్పాలంటే ఫ్రాన్సు సరిపోదు. కార్మికుల పేరిట యేర్పడిన రాజ్యంలో జరిగినదాన్ని కూడా చూడాలి.

1936 ఆగస్టులో మాస్కోలో జినోవియెవ్, కామెనెవ్‌లతో సహా 16 మందిపై విచారణ జరిగింది. ప్రాసిక్యూటరు ఆంద్రే విషిన్‌స్కీ. సాక్ష్యమంతా ముద్దాయిల ఒప్పుదలలే. వారిలో హోల్త్స్‌మన్ అనేవాడు తాను 1932లో కోపెన్‌హాగెన్‌లోని బ్రిస్టల్ హోటల్లో ట్రాట్‌స్కీ కొడుకును కలుసుకున్నానని ఒప్పుకున్నాడు. ఆ హోటలు 1917లోనే మూతబడింది! ప్రాసిక్యూటరు ఆ సంగతి విచారించవలసినవాడు, విచారించలేదు. 16 మందినీ కాల్చివేశారు. 1938 మార్చిలో బుఖారిన్‌తో సహా 21 మందిని విచారించి 18 మందికి మరణశిక్ష వేశారు. బుఖారిన్ నిర్దోషి అని సోవియట్ సుప్రీంకోర్టు 1988లో ప్రకటించింది. యాభై యేళ్లు!

డ్రేఫస్ కేసులో దాచిన కాగితానికీ, మాస్కోలో యెవరూ తెరిచి చూడని హోటలు రిజిస్టరుకూ తేడా యేమిటి? రెండు చోట్లా ప్రాసిక్యూషన్ నిజం కోసం వెతకలేదు. ముందే నిశ్చయమైన తీర్పుకు సామగ్రి సమకూర్చింది. జెండా రంగు మారినా ఆ పని గుణం మారలేదు. మన పక్షం వాళ్లు చేసినప్పుడు వూరుకుని యెదుటిపక్షం చేసినప్పుడు కేకలు వేస్తే, మనం న్యాయం గురించి మాట్లాడుతున్నామని యెవరూ నమ్మరు.

3

రెండో ప్రపంచయుద్ధం తరువాత యీ అనుభవాలన్నీ ప్రపంచం ముందు కుప్పబడి వున్నాయి. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి విశ్వమానవ హక్కుల ప్రకటన చేసింది. నేరం రుజువయ్యేదాకా ప్రతివాడూ నిర్దోషి, తన్ను తాను కాపాడుకోవడానికి కావలసిన హామీలన్నీ అతనికి వుండాలి అని దాని 11వ అధికరణం చెప్పింది. భారతదేశం ఆ ప్రకటనకు అనుకూలంగా ఓటు వేసింది.

అప్పటికి హైదరాబాదు సైనిక గవర్నరు పాలనలో వుంది. ఆ ఓటుకు తొమ్మిది నెలలు నిండకముందే, 1949 ఆగస్టులో, నల్లగొండలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణా రైతాంగ పోరాటంలో పట్టుబడినవారికి ఉరిశిక్షలు వేశాయి. ఉరికంబం నీడలో నిలబడిన పన్నెండుగురి కోసం దేశవిదేశాల్లో ఆందోళన జరిగింది. ఇంగ్లండు నుంచి బారిస్టరు డి. ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. ప్లీడర్లను పెట్టుకునే అవకాశం తమకు సరిగా ఇవ్వలేదని ముద్దాయిల ఫిర్యాదు. 1951 మార్చిలో సుప్రీంకోర్టు వారి పిటిషన్లను తోసిపుచ్చింది. ప్లీడరు లేకపోవడం విచారణలో లోపమే కావచ్చుగాని దానివల్ల ట్రిబ్యునలు అధికారం పోదన్నది. రాజ్యాంగం అమలులోకి రాకముందే ముగిసిన విచారణలకు దాని ప్రాథమిక హక్కులు వెనక్కు వెళ్లి వర్తించవన్నది. చివరకు ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. వారి ప్రాణాలను నిలబెట్టింది ప్రజల ఆందోళన. చట్టంలో మాత్రం ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది. ప్లీడరు లేని ముద్దాయి యెదుట ప్రాసిక్యూటరు ఒక్కడే కాగితాలు చదవగలవాడుగా నిలబడినప్పుడు, ముద్దాయికి మేలుచేసే కాగితాన్ని బయట పెట్టేదెవరు?

దీనికి అంతర్జాతీయ చట్టం మెల్లగా, మెట్టు తరువాత మెట్టుగా సమాధానం చెప్పింది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 1966లో ఆమోదం పొంది 1976లో అమలులోకి వచ్చింది. మనదేశం 1979లో అందులో చేరింది. దాని 14వ అధికరణం న్యాయమైన విచారణకు కనీసపు కొలతలు చెబుతుంది. వాదన సిద్ధం చేసుకోవడానికి చాలినంత వ్యవధి, సదుపాయాలు ఇవ్వాలి. ప్లీడరు వుండాలి. యెదుటిపక్షపు సాక్షులను ప్రశ్నించనివ్వాలి. నేరం ఒప్పుకోమని బలవంతం చేయరాదు. 'సదుపాయాలు' అనే మాటకు అర్థం యేమిటో మానవ హక్కుల కమిటీ 2007లో విప్పి చెప్పింది. ప్రాసిక్యూషన్ కోర్టులో పెట్టదలచిన కాగితాలే కాదు, ముద్దాయిని నిర్దోషిగా చూపగలిగినవి కూడా అతనికి అందాలి. విచారణకు ముందే ప్రభుత్వాధికారులు ముద్దాయిని దోషి అని ప్రకటించరాదని కూడా అదే పత్రం చెప్పింది. జనరల్ మెర్సియే పత్రికా ప్రకటనకు ప్రపంచం నూట పదమూడేళ్ల తరువాత ఇచ్చిన జవాబు అది అనుకోవచ్చు.

1990లో క్యూబా రాజధాని హవానాలో జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ ప్రాసిక్యూటర్ల ధర్మాలను ప్రత్యేకంగా వ్రాసిపెట్టింది. నిష్పాక్షికమైన దర్యాప్తులో ఆరోపణ నిలవదని తేలితే ప్రాసిక్యూటరు కేసు పెట్టరాదు, పెట్టినదాన్ని కొనసాగించరాదు. చిత్రహింసలతో రాబట్టిన సాక్ష్యాన్ని, అది అటువంటిదని తెలిసినప్పుడు, వాడరాదు. ముద్దాయికి అనుకూలమైన పరిస్థితులనూ ప్రతికూలమైన వాటినీ సమానంగా పట్టించుకోవాలి. 1998 రోమ్ శాసనం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును స్థాపిస్తూ ఇంకో అడుగు ముందుకు వేసింది. నేరాన్ని రుజువు చేసేదానినీ, నిర్దోషిత్వాన్ని రుజువు చేసేదానినీ సమానంగా వెతకడం ప్రాసిక్యూటరు విధి అని శాసించింది. అనగా దొరికినదాన్ని దాచకపోతే చాలదు, పనిగట్టుకుని వెతకాలి.

4

ఇవన్నీ కాగితం మీది మాటలే కదా అనవచ్చు. ఆ మాటలు ఒక పరీక్షకు నిలబడిన సందర్భం చెబుతాను.

కాంగోకు చెందిన థామస్ లుబాంగా అనే సాయుధముఠా నాయకుడిపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తన మొట్టమొదటి విచారణకు సిద్ధమయింది. పదిహేనేళ్లు నిండని పిల్లలను సైన్యంలో చేర్చుకుని యుద్ధానికి వాడాడని నేరారోపణ. ఇంతకంటె జాలి కలగని ముద్దాయి దొరకడు. విచారణ మొదలు కావలసిన దశలో, ముద్దాయికి ఉపయోగపడగలిగిన కాగితాలు రెండు వందలకు పైగా ప్రాసిక్యూటరు దగ్గర వుండిపోయాయని తేలింది. రహస్యంగా వుంచుతామనే షరతు మీద, ముఖ్యంగా ఐక్యరాజ్యసమితి నుంచి, తెచ్చుకున్నవి అవి. అందువల్ల ముద్దాయికి చూపలేమన్నారు; జడ్జీలకు కూడా చూపలేమన్నారు. 2008 జూన్ 13న జడ్జీలు విచారణనే నిలిపివేశారు. యీ స్థితిలో న్యాయమైన విచారణ సాధ్యం కాదన్నారు. తుపాకి మోసిన పిల్లల గోడు వినవలసిన కోర్టు తలుపు మూసిందని బాధపడినవాళ్లు వున్నారు. వారి బాధ న్యాయమైనదే. కాని ఆ దెబ్బతో కాగితాలు కదిలాయి. షరతులు సడలి అవి జడ్జీల ముందుకు వచ్చాక, నవంబరులో నిలుపుదలను యెత్తివేశారు. 2009 జనవరిలో విచారణ మొదలయింది. 2012 మార్చిలో లుబాంగా దోషి అని తేలింది. జులైలో 14 యేళ్ల శిక్ష పడింది.

పారిస్ సైనిక కోర్టును దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ దాచిన కాగితం మీద నిర్దోషికి శిక్ష పడింది. ఇక్కడ దాచిన కాగితాలు బయటికి వచ్చాకనే దోషికి శిక్ష పడింది. ముద్దాయి హక్కులను గౌరవిస్తే దోషులు తప్పించుకుంటారని భయపడేవారికి ఇంతకంటె సమాధానం వుండదు. యెదురు ప్రశ్నలన్నిటికీ నిలబడిన తీర్పును తరువాత యెవరూ కదిలించలేరు.

5

మన దేశం సంగతి యేమిటి? అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో మనం చేరలేదు. కాని 1966 ఒడంబడికకు కట్టుబడి వున్నాం. పోలీసు నివేదికతోపాటు ప్రాసిక్యూషన్ ఆధారపడే కాగితాల నకళ్లు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలని 1973 క్రిమినల్ ప్రొసీజరు కోడు 207వ సెక్షను చెప్పింది. 2024 జులై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 230వ సెక్షనులోనూ అదే వుంది. యెలాగైనా శిక్ష వేయించాలనే దాహం పబ్లిక్ ప్రాసిక్యూటరుకు వుండరాదని 1999లో సుప్రీంకోర్టు అన్నది.

'ఆధారపడే కాగితాలు' అన్న మాటలోనే చిక్కంతా వుంది. ప్రాసిక్యూషన్ ఆధారపడనివి, కట్టలోనే వుండిపోయినవి యేవో ముద్దాయికి యెట్లా తెలుస్తుంది? 2021 యేప్రిల్ 20న సుప్రీంకోర్టు యీ తలుపు కొంత తెరిచింది. ఆధారపడని వాఙ్మూలాల, కాగితాల, వస్తువుల జాబితాను కూడా ముద్దాయికి ఇవ్వాలని చెప్పింది. జాబితా వుంటే, ఫలానా కాగితం కావాలని అడగడానికి అతనికి దారి దొరుకుతుంది. దయ్యపు దీవిలో డ్రేఫస్‌కు యీ జాబితా కూడా లేదు.

సీల్డు కవరు మాత్రం మనకు కొత్త రహస్య ఫైలుగా తయారయింది. ఒక మలయాళ టెలివిజన్ సంస్థకు లైసెన్సు నిరాకరించిన కారణాలను కవరులో పెట్టి జడ్జీలకు మాత్రమే చూపించిన పద్ధతిని సుప్రీంకోర్టు 2023 యేప్రిల్‌లో తప్పుపట్టి, ఆ నిరాకరణను కొట్టివేసింది. అది క్రిమినల్ విచారణ కాదు. కాని ఒక పక్షం చూడని కాగితం మీద తీర్పు చెప్పరాదన్న సూత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇంకొక చిక్కు వ్యవస్థలోనే వుంది. రాష్ట్రాల్లో ప్రాసిక్యూషన్ డైరెక్టరు హోంశాఖ పాలనకింద పనిచేస్తాడు. పోలీసులున్నదీ ఆ శాఖకిందనే. పోలీసు కట్టలో తప్పు పట్టవలసినవాడు, పోలీసులతోపాటు ఒకే యజమానికి సమాధానం చెప్పుకోవాలి. ఇందులో ధైర్యవంతులు, నిజాయితీపరులు లేరని కాదు. పికార్ కూడా ఫ్రెంచి సైన్యంలోనివాడే. కాని న్యాయం ఒక్కొక్క పికార్ ధైర్యం మీద ఆధారపడే స్థితి మంచి స్థితి కాదు. నిజం చెప్పిన అధికారిని ట్యునీషియాకు పంపలేని యేర్పాటు కావాలి. నియామకంలో, బదిలీలో, ప్రమోషనులో ప్రాసిక్యూటరుకు పోలీసు యంత్రాంగం నుంచి స్వతంత్రత కావాలి.

ఆ యేర్పాటును ప్లీడర్లు, జడ్జీలు మాత్రమే తేలేరు. ప్రజాభిప్రాయం కావాలి; ప్రజాభిప్రాయం తయారు చేసే పనిలో రచయితలకు వాటా వుంది. పత్రికల్లో పెద్ద కేసు వచ్చినప్పుడు ముద్దాయి మనవాడా, పరాయివాడా అని ముందు చూసుకుని తరువాత కలం పట్టుకోవడం మనకు అలవాటయింది. ఆ అలవాటు పోవాలి. ముద్దాయికి ప్లీడరు వున్నాడా, ప్రాసిక్యూటరు దగ్గరున్న కాగితాలన్నీ అతనికి అందాయా, అందకపోతే యెందుకు అందలేదు అని మనం మొదట అడగాలి. మనకు గిట్టని ముద్దాయి విషయంలో కూడా ఇదే గొంతుతో అడగగలిగితేనే జోలా పేరు తలుచుకునే అర్హత మనకు వుంటుంది.